బండికీ ఒక పాస్‌పోర్టు

పిల్లలూ! కర్నూలు నుంచి నంద్యాలకు బస్సులో ఎప్పుడైనా పోయారా? పోతే కిటికీ పక్కన కూర్చోండి. ఓర్వకల్లు దగ్గర ఒక వింత కనబడుతుంది. ఏనుగులూ, తాబేళ్ళూ, పుట్టగొడుగులూ నేలలోనుంచి లేచి నిలబడినట్టు పెద్ద పెద్ద రాళ్ళుంటాయి. ఎవరో పనిగట్టుకొని ఒకదానిమీద ఒకటి పేర్చినట్టే ఉంటుంది. పేర్చినవాళ్ళు మనుషులు కారు; ఎండా, వానా, గాలీ! "బాహుబలి" సినిమా చిత్రీకరణ 2013 జూలైలో మొదలైంది ఈ రాళ్ళ మధ్యనే. 2021లో ఓర్వకల్లు దగ్గర విమానాశ్రయం కూడా తెరిచారు. దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు.

ఈ ప్రాంతంలోనే నేను పిల్లలకు చదువు చెప్పి, హెడ్మాస్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. పాత విద్యార్థులు ఊరికి వచ్చినప్పుడు ఒకసారి మా ఇంటివైపు తొంగి చూసి పోతుంటారు. మొన్న సంక్రాంతి సెలవులకు అలాగే ఒకడు వచ్చాడు. ఇప్పుడు పట్నంలో పెద్ద ఉద్యోగం చేస్తున్నాడు. వాకిట్లో మోటారు సైకిలు నిలబెట్టి, "బాగుండారా సార్?" అంటూ లోపలికి వచ్చాడు.

"బాగున్నానప్పా. ఏమిటి విశేషం?" అన్నాను.

"ఈ బండి తీసుకొని ఫ్రాన్సు పోవాలనుకుంటున్నా సార్. ఆడ పల్లెల్లో, కొండల్లో మట్టిబాటలు బాగుంటాయంట. ఒక నెల దినాలు ఆ బాటలమీద తిరగాలని."

నాకు నవ్వు వచ్చింది. ఎందుకు వచ్చిందో చివర చెబుతాను. అవునుగాని, మన బండిని మరొక దేశానికి తీసుకుపోవచ్చునా? మీకు కూడా ఈ సందేహం వచ్చే ఉంటుంది. పోవచ్చును. మనవాళ్ళు పోయారు కూడా. విశాఖపట్నానికి చెందిన భరద్వాజ్ దయాళ 2006లో మన దేశంలో తయారైన కరిజ్మా మోటారు సైకిలు మీద ఒంటరిగా బయలుదేరి, సుమారు ఏడాదిన్నరలో 47,000 కిలోమీటర్ల దాకా తిరిగి, 2007లో ఇల్లు చేరాడు. అయిదు ఖండాలు, 16 దేశాలు! భూమధ్యరేఖ వెంబడి భూమి చుట్టుకొలత 40,075 కిలోమీటర్లని మీరు చదువుకున్నారు గదా. ఆయన బండి చక్రాలు అంతకంటె ఎక్కువే దొర్లాయన్నమాట. ఇది మగపిల్లల పని అనుకోకండి. 2018లో నలుగురు మహిళలు హైదరాబాదు నుంచి మోటారు సైకిళ్ళమీద బయలుదేరి బర్మా, థాయిలాండు, లావోసు, కంబోడియా, వియత్నాం దేశాలు చుట్టి వచ్చారు.

అయితే బండి ఉంది గదా అని ఎక్కి పోవడం కుదరదు. మనిషి పరదేశం పోవాలంటే పాస్‌పోర్టు కావాలి. బండికీ అలాంటిదే ఒకటి కావాలి. దాన్ని "కార్నె" అంటారు. అది ఫ్రెంచి మాట; చిన్న పుస్తకం అని అర్థం. దాని అవసరం ఎందుకు వచ్చిందో వినండి.

పరదేశపు సరుకు దేశంలోకి వస్తే సుంకం కట్టాలి. నీవు బండితో ఒక దేశంలోకి వెళ్ళి, దాన్ని అక్కడే అమ్మేసి, చేతులు దులుపుకొని వచ్చేశావనుకో, ఆ దేశానికి రావలసిన సుంకం పోయినట్టే గదా! అందుకని వాళ్ళు హామీ అడుగుతారు. ఆ హామీ పుస్తకమే కార్నె. మన దేశంలో దీన్ని మోటారు వాహనాల సంఘాలు ఇస్తాయి. బొంబాయిలో ఉన్న పశ్చిమ భారత ఆటోమొబైల్ సంఘం అలాంటిదే. ముందుగా పెద్ద మొత్తానికి పూచీ చూపాలి. పుస్తకంలో ఒక్కొక్క పుటకు మూడు భాగాలుంటాయి. దేశంలోకి ప్రవేశించేటప్పుడు ఒక ముక్క చించుకుంటారు; బయటికి పోయేటప్పుడు రెండవ ముక్క చించుకుంటారు; రెండు ముద్రలూ పడిన మూడవ ముక్క పుస్తకంలోనే ఉండిపోతుంది. "వచ్చాను, మళ్ళీ వెళ్ళిపోయాను" అని బండి ఇచ్చే సాక్ష్యమన్నమాట! బయటికి పోయేటప్పుడు ముద్ర వేయించుకోవడం మరిచామా, పూచీ డబ్బు చిక్కుల్లో పడుతుంది.

ఐరోపా సమాఖ్య దేశాలలో కార్నె తప్పనిసరి కాదు. బయటి దేశంవాడు తన బండిని ఆరు నెలల దాకా సుంకం లేకుండా అక్కడ వాడుకోవచ్చును. కాని నేలదారిన పోయేవారికి మధ్యలో ఇరాను వంటి దేశాలు వస్తాయి. అక్కడ కార్నె అడుగుతారు. ఇది గాక మనిషికి వీసా ఉండాలి. ఫ్రాన్సు చేరిన షెంగెన్ దేశాల కూటమిలో 180 రోజులలో 90 రోజులకు మించి ఉండనివ్వరు. 1949 నాటి జెనీవా ఒడంబడిక ప్రకారం ఇచ్చే అంతర్జాతీయ లైసెన్సు మన రవాణా కార్యాలయంలోనే దొరుకుతుంది. అది ఒక ఏడాది చెల్లుతుంది. బండికి అక్కడ చెల్లే బీమా ఉండాలి. వెనుక, అది ఏ దేశపు బండో తెలిపే గుర్తు ఉండాలి. మన దేశానికి ఐ, ఎన్, డి అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు.

ఇక బండిని విమానంలో పంపాలంటే ఒక లెక్క చేయాలి. హెడ్మాస్టరుతో మాట్లాడితే లెక్కలు తప్పవు మరి! విమానంవారు బరువునొక్కదాన్నే చూడరు. పెట్టె ఎంత చోటు ఆక్రమిస్తుందో కూడా చూస్తారు. ఒక ఘనమీటరు చోటును సుమారు 167 కిలోల బరువుగా లెక్కకట్టి, అసలు బరువూ ఇదీ పోల్చి, ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. బండి 150 కిలోలు, పెట్టె 35 కిలోలు, మొత్తం 185 కిలోలు అనుకుందాం. బండిని ఉన్నదున్నట్టు పెట్టెలో పెడితే, పెట్టె 2 మీటర్ల పొడవు, 0.8 మీటరు వెడల్పు, 1.1 మీటరు ఎత్తు అయిందనుకోండి. గుణిస్తే 1.76 ఘనమీటర్లు, అంటే 294 కిలోలకు డబ్బు కట్టాలి. ముందు చక్రమూ, హ్యాండిలూ, అద్దాలూ ఊడదీసి సర్దితే, పెట్టె 1.8, 0.7, 0.9 మీటర్లకు దిగిందనుకోండి. ఎంతయింది? 1.134 ఘనమీటర్లు, అంటే 189 కిలోలు. ఒక పానా, ఒక పూట శ్రమ 105 కిలోల ఖర్చు మిగిల్చాయి! చదువుకున్న ఘనపరిమాణం ఎక్కడ పనికి వస్తుందని అడిగే పిల్లలకు ఇదే నా జవాబు.

పెట్టె చెక్కకు కూడా ఒక నియమం ఉన్నది. చెక్కలో దాగిన పురుగులు ఒక దేశంనుంచి మరొక దేశానికి పోయి అక్కడి అడవులను తినెయ్యకుండా, చెక్క లోపలి భాగం 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉండేటట్టు కాచి, ముద్ర వేయాలి. పెట్రోలు తీసేయాలి, బ్యాటరీ తీగలు విప్పేయాలి. ఇంత శ్రమ ఎందుకనుకునేవారు అక్కడికి పోయి బండి అద్దెకు తీసుకుంటారు. చాలామందికి అదే సులువు.

సరే, ఫ్రాన్సు చేరామనుకుందాం. ఏముంది అక్కడ?

ఆ దేశపు నడిబొడ్డున మాసిఫ్ సెంట్రల్ అనే పెద్ద ఎత్తయిన ప్రాంతం ఉన్నది. దాని ఉత్తర భాగంలో 80 దాకా అగ్నిపర్వతాలు వరుసగా నిలబడి ఉంటాయి. వాటిలో పెద్దది పుయ్ ద దోమ్, 1,465 మీటర్ల ఎత్తు. ఆ వరుసను 2018లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. దక్షిణంగా సెవెన్ కొండలున్నాయి. 1878లో స్టీవెన్సన్ అనే స్కాట్లండు రచయిత ఒక గాడిదమీద సామాను వేసుకొని ఆ కొండలలో 12 రోజులు నడిచాడు. ఇంకా పడమరగా సిదోబ్రు అనే చోటు ఉన్నది. అక్కడి బొమ్మ చూస్తే మీరు "అరే, ఇది మన ఓర్వకల్లే!" అంటారు. అక్కడ పెయ్రో క్లబాదో అనే రాయి సుమారు 780 టన్నుల బరువుతో ఒక చిన్న రాతి పీఠంమీద కూర్చుని ఉన్నది. సిదోబ్రు రాళ్ళు 30 కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు. నేల లోపల ఉన్నప్పుడే రాతిలో నిలువునా, అడ్డంగా పగుళ్ళు వచ్చాయి. వాటిలో నీరు దిగింది. మూలల దగ్గర రెండు మూడు వైపులనుంచి నీరు తగులుతుంది గనుక అవి ముందు శిథిలమైనాయి. అందుకే రాళ్ళు గుండ్రబడ్డాయి. మెత్తబడిన మట్టి వానకు కొట్టుకుపోగా గుండ్లు మిగిలాయి.

ఈ కొండలలో పల్లెనుంచి పల్లెకు మట్టిబాటలుంటాయి. పూర్వం బండ్లూ, గొర్రెల మందలూ నడిచిన దారులవి. మన రెవెన్యూ లెక్కలలో "రస్తా పోరంబోకు" అని రాస్తారు చూడండి, దాదాపు అలాంటివే. వాటికి యజమాని ఆ ఊరి పంచాయతీ. ఫ్రాన్సులో అలాంటి ఊరి పంచాయతీలు సుమారు 35 వేలున్నాయి. ఊరి పెద్దకు బాటను మోటారు బండ్లకు మూసివేసే అధికారం ఉన్నది.

ఇలాంటి బాటలమీద బండి తోలడం పందెం కాదు సుమా. ఫ్రాన్సువారికి పందాలంటే మహా ఇష్టమే. 1977లో తియెరీ సబీన్ అనే ఆయన ఒక పందెంలో లిబియా ఎడారిలో దారి తప్పి బతికి బయటపడి, 1978 డిసెంబరు 26న పారిస్ నుంచి ఆఫ్రికాలోని డాకర్‌కు పెద్ద పందెం మొదలుపెట్టాడు. ఆ పేరుతోనే అది తరువాత ఇతర ఖండాలలోనూ జరుగుతూ వచ్చింది. 2015లో బెంగుళూరుకు చెందిన సి. ఎస్. సంతోష్ దాన్ని పూర్తిచేసిన మొదటి భారతీయుడయ్యాడు. 36వ స్థానంలో నిలిచాడు. కాని అది నిపుణులు, వైద్యుల సహాయంతో చేసే పని. పల్లెబాట సంగతి వేరు. మలుపు తిరిగితే అక్కడ ఒక ముసలమ్మ కుక్కతో నడిచి వస్తూ ఉండవచ్చును.

రాళ్ళబాటమీద తోలేటప్పుడు సీటుమీద కూర్చోరు, కాలిపట్టీలమీద నిలబడతారు. ఎందుకు? కూర్చుంటే ప్రతి గుంతా నడుముకు తగులుతుంది. నిలబడితే మోకాళ్ళు స్ప్రింగులలాగా వంగి దెబ్బను మింగేస్తాయి. కింద బండి అటూ ఇటూ ఊగినా మనిషి తిన్నగా ఉంటాడు. చూపు మాత్రం ముందు చక్రంమీద కాక, పోవలసిన చోటుమీద ఉండాలి. రాయిని చూస్తూ పోతే రాయిమీదికే పోతాము!

మట్టిలో పోయేవారు టైరులో గాలి కొంచెం తగ్గిస్తారు. కారణం లెక్కలో ఉన్నది. వెనుక చక్రంమీద 120 కిలోల బరువు పడుతుందనుకోండి. గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 2 కిలోలైతే, టైరు సుమారు 60 చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకుతుంది. ఒత్తిడి ఒకటిన్నర కిలోకు తగ్గిస్తే 80 చదరపు సెంటీమీటర్లు తాకుతుంది. పట్టు పెరుగుతుంది. మీరు సైకిలుతో చేసి చూడండి. టైరుకు సుద్దపొడి రాసి, నల్ల కాగితంమీద ఒకసారి నిలబెట్టి ఎత్తండి. కొంచెం గాలి తీసి మళ్ళీ అలాగే చేయండి. అచ్చుపడిన మేరను గళ్ళ కాగితంమీద లెక్కపెట్టండి. ఏది పెద్దదో తెలుస్తుంది. మళ్ళీ గాలి కొట్టుకోవడం మరవకండి. లేకపోతే ట్యూబు నలిగిపోతుంది!

ఫ్రాన్సులో బండి కుడివైపున తోలాలి. హెల్మెట్టే కాదు, 2016 నుంచి చేతికి తొడుగులు కూడా తప్పనిసరి. అన్నిటికంటె ముఖ్యమైనది 1991 జనవరి 3 నాటి చట్టం. దాని ప్రకారం మోటారు బండి ప్రజలకు తెరిచి ఉన్న బాట దిగి, చేలలోకి గాని, అడవిలోకి గాని, పచ్చికలోకి గాని పోకూడదు. పోతే 1,500 యూరోల దాకా జరిమానా. బండిని కూడా ఆపేయవచ్చును. బాటకు అడ్డంగా పశువుల గేటు ఉంటే, తీసుకొని పోయి మళ్ళీ వేయడం మర్యాద. గుర్రం ఎదురైతే ఇంజను ఆపేసి నిలబడాలి. వాన పడి బాట నానితే ఆ రోజుకు బండి ఎక్కకపోవడం మంచిది.

ఇంత కట్టుబాటు ఎందుకు? నానిన మట్టిలో చక్రం గాడి చేస్తుంది. తరువాతి వాననీరు ఆ గాడిలో పారుతుంది. గాడి లోతవుతుంది, మట్టి కొట్టుకుపోతుంది, కొన్నేళ్ళకు అది చిన్న వాగవుతుంది. ఒకడు సరదాగా చేసిన గాడికి పదిమంది దారి పోతుంది. ఊరివారికి విసుగు పుట్టి బాట మూసేస్తే, మర్యాదగా తోలేవాడికి కూడా దారి ఉండదు.

ఈ సంగతి ఆ అబ్బాయికి నేను చెప్పవలసిన పని లేదు. వాడికి అది మన నేలమీదనే తెలిసింది. నాకు నవ్వు వచ్చింది అందుకే.

వాడు పదవ తరగతిలో ఉన్నప్పటి మాట. పదిహేనేళ్ళు. తండ్రి ముచ్చటపడి బండి తాళం చేతికి ఇచ్చేవాడు. "మావాడు నాకంటె బాగా తోలుతాడు సార్" అని నాతోనే అన్నాడు. ఒక వానాకాలం చివర, తెల్లవారి నేను బడి తలుపు తీసేసరికి ఒక రైతు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తువ్వాలు మూట విప్పి చూపాడు. అందులో నలిగిపోయిన శనగ మొలకలు!

"మీ బళ్ళో పిల్లోడు నిన్న వానకు నానిన చేన్లో బండి తోలినాడు సార్. విత్తనమేసి పది దినాలు కాలేదు. గెనిమ తెగింది. ఇంకొక వాన పడితే మట్టంతా వంకలో పోతాది. అప్పుడు మీరు మట్టి తెచ్చిస్తారా?" అన్నాడు. కేకలు వేయలేదు. మెల్లగానే అన్నాడు. నాకు అదే మరీ కష్టంగా తోచింది.

నేను మొదట పొరపాటే చేశాను. ఆ పిల్లవాణ్ణి ప్రార్థన వేళ అందరిముందు నిలబెట్టి తిట్టాను. వాడు తల వంచుకున్నాడు. కాని వాడి ముఖంలో సిగ్గే గాని ఆలోచన కనబడలేదు. సాయంత్రం నాకే మనసు ఊరుకోలేదు. రెండు పారలు తీసుకొని వాణ్ణి వెంటబెట్టుకొని ఆ చేనికి పోయాను. చక్రం పోయిన గాడి ఈ చివరనుంచి ఆ చివరదాకా ఉన్నది. తెగిన గట్టు దగ్గర నీళ్ళు అప్పుడే ఎర్రగా పారుతున్నాయి. ముగ్గురం కలిసి చీకటి పడేదాకా మట్టి ఎత్తి గట్టు వేశాము. నడుము పట్టేసింది. మధ్యలో వాడు అడిగాడు: "సార్, నేను తోలింది రెండు నిమిషాలే గదా?" రైతు పార ఆపకుండానే, "ఔనప్పా, రెండు నిమిషాలే" అన్నాడు. ఆ తరువాత వాడు మాట్లాడలేదు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం 50 సి.సి. మించని బండికే 16 ఏళ్ళు నిండాలి. తక్కిన మోటారు సైకిళ్ళకు 18 నిండాలి. 2019లో చేసిన సవరణ ప్రకారం, పిల్లవాడు బండి తోలి నేరం చేస్తే సంరక్షకుడికి మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. జరిమానా ఎలాగైనా కట్టవచ్చు. పిల్లవాడి కాలో, ఎదుటివాడి ప్రాణమో పోతే ఏం పెట్టి కడతాము? తాళం ఇవ్వకపోవడం కూడా ముద్దు చేయడమే. మీ పిల్లలకు ముందు సైకిలు ఇవ్వండి. సమతూకమూ, చూపూ, దారిన పోయేవారిమీద దయా అన్నీ దానిమీదనే అలవడతాయి.

ఆ అబ్బాయి ఇంకా ఫ్రాన్సు పోలేదు. కాగితాలు ఒక్కొక్కటే చేర్చుకుంటున్నాడు. ఆ పూట నన్ను వెనుక కూర్చోబెట్టుకొని రాళ్ళవైపు తీసుకుపోయాడు. నాకూ ఒక హెల్మెట్టు పెట్టాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆ చేని దగ్గరికి వచ్చాము. ఆ రైతు ఇప్పుడు లేడు. కొడుకు సేద్యం చేస్తున్నాడు. ముందురోజు వాన పడి బండ్లబాట నానిపోయి ఉన్నది. అబ్బాయి ఇంజను ఆపేశాడు.

"దిగండి సార్. నడిచిపోదాం" అన్నాడు.

వాడు బండి తోసుకుంటూ గట్టు పక్కన ముందు నడిచాడు. వెనుక నేను నడిచాను. మా గట్టుమీద ఇప్పుడు గడ్డి దట్టంగా మొలిచి ఉన్నది.